మిగ్-21 వెళ్లిపోయింది సరే, పాత ఫైటర్ జెట్‌లకు ఇప్పటి యుద్ధంలో పనేమైనా ఉందా?

పానగల్ పోరడు (నల్గొండ):

అన్నలూ, ఒక పంచాయితీ తెంపి పెట్టాలి. నిన్న సాయంత్రం క్లాక్‌టవర్ దగ్గర చాయ్ తాగుతూ మా మేనమామకీ నాకూ మాటా మాటా పెరిగింది. మామకి మిర్యాలగూడ అవతల ఆరెకరాల పొలం, ముప్పై ఏళ్ల నాటి ట్రాక్టర్ ఉన్నాయి. ఆ ట్రాక్టర్ అమ్మమంటే ససేమిరా అంటాడు. "ఇంజిన్ బోరు చేయించిన, కేజ్‌వీల్స్ కొత్తవి వేసిన, ఇంకో పదేళ్లు కరిగెట చేస్తది" అని దాని బానెట్ మీద చెయ్యేసి మరీ చెప్తాడు.

ఇప్పుడు అదే లెక్క విమానాలకీ వేస్తున్నాడు. 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21లకు వీడ్కోలు పలికారు కదా, ఆ వీడియో ఇప్పటికీ ఫోన్‌లో పెట్టుకుని తిప్పి తిప్పి చూస్తాడు. "1963 సంది పనిచేసిన బండిని ఇనుప సామాను లెక్క పక్కకు నూకిండ్రు, అమెరికావోడు 1952ల మొదలు ఎగిరిన బీ-52ను ఇంకా నడుపుతుండు, 2050 దాటేదాకా నడుపుతడంట" ఇదీ ఆయన వాదన. "మామా, నీ ట్రాక్టర్ మీద ఎవడూ మిస్సైల్ వేయడు" అన్నాను. చాయ్ కొట్టాయన పకపకా నవ్వాడు గానీ మామ మాత్రం గ్లాసు అక్కడే పెట్టేసి లేచిపోయాడు, ఇంటికొచ్చాక కూడా మాట్లాడలేదు.

అయితే అన్నాను గానీ నాకూ పూర్తిగా తెలీదు. వంద, రెండు వందల కిలోమీటర్ల నుంచి మిస్సైళ్లు వేసుకునే రోజుల్లో, రాడార్‌కు చిక్కని విమానాలు వచ్చాక, డ్రోన్లు ఈగల్లా మూగుతున్నప్పుడు, 70ల్లో 80ల్లో తయారైన డిజైన్లు ఏం చేయగలవు? చేయలేకపోతే జాగ్వార్లు, మిరాజ్‌లు ఇంకా ఎందుకు నడుపుతున్నట్టు? వేరే దిక్కు లేకనా, లేక నిజంగా పనికొస్తాయనా? తెలిసినవాళ్లు చెప్పండి, మామకి చదివి వినిపిస్తా.

మెట్టుగడ్డ మాస్టర్ (మహబూబ్‌నగర్):

మీ మామకి ముందు ఒకటి చెప్పు, బీ-52 ఫైటర్ కాదు, బాంబర్. అది శత్రువు రాడార్ల మధ్యకి వెళ్లదు, వెళ్తే తిరిగి రాదు. దూరాన నిలబడి క్రూయిజ్ క్షిపణులు వదిలి వెనక్కి తిరిగే బరువు లారీ అది. ఎనిమిది ఇంజిన్లూ మార్చి కొత్త రోల్స్ రాయిస్‌వి పెడుతున్నారు, రాడార్ కూడా మారుస్తున్నారు. దాన్ని చూపించి మిగ్-21ని ఉంచాల్సింది అనడం, ఆర్టీసీ బస్సు ఇరవై ఏళ్లు నడిచింది కాబట్టి రేసు బైకూ ఇరవై ఏళ్లు నడవాలి అన్నట్టు ఉంటుంది.

నా మటుకు సూటిగా చెప్తా. ఫైటర్ అంటే ఎదుటివాడిని ముందు చూడాలి, ముందు కొట్టాలి. ఈ రెండూ చేయలేనిది ఎంత ముద్దుగా ఉన్నా అందులో కూర్చునేవాడి ప్రాణానికి చేటు. మ్యూజియంలో పెట్టి పిల్లలకి చూపించడమే మంచిది.

రిటైర్డ్ సార్జెంట్ (జడ్చర్ల):

మాస్టర్ గారు సగం నిజం చెప్పారు, మిగతా సగం నేను చెప్తాను. ఎయిర్‌ఫోర్స్‌లో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా చేశాను, అందులో చాలా ఏళ్లు మిగ్-21లతోనే. కాబట్టి కొంచెం పక్షపాతం ఉంటుంది, తీసేసి చదువుకోండి.

ఆ విమానం దిగేటప్పుడు మీరు దగ్గర నుంచి చూసి ఉండరు. రెక్కలు చిన్నవి, త్రికోణంగా ఉంటాయి, అందుకని మెల్లగా ఎగరమంటే ఎగరదు, గంటకి మూడు వందల కిలోమీటర్లకు తక్కువ కాకుండా రన్‌వే మీదకి వచ్చి పడుతుంది. చక్రాలు తగలగానే తోక దగ్గరి డబ్బీ తెరుచుకుని టెయిల్ చ్యూట్, అంటే వేగం తగ్గించే పారాచూట్, బయటికి వస్తుంది. మాకు ఆ చ్యూటే పెద్ద చాకిరీ. రన్‌వే చివర పైలట్ దాన్ని వదిలేస్తే మనవాళ్లు పోయి ఏరుకొస్తారు, మట్టి దులపాలి, చిరుగులు చూడాలి, తడిస్తే వేలాడదీసి ఆరబెట్టాలి, తర్వాత పొడుగాటి బల్ల మీద పరిచి మడతల లెక్క తప్పకుండా మడిచి, మోకాలితో అదిమి అదిమి ఆ డబ్బీలోకి కుక్కాలి. ఎండాకాలం ఎడారి స్టేషన్‌లో ఆ పని చేస్తుంటే చెమట కారి చ్యూట్ మీద పడకుండా మెడకి తువ్వాల చుట్టుకునేవాళ్లం. ఒక మడత తప్పితే అది సరిగ్గా తెరుచుకోదు, తెరుచుకోకపోతే మొత్తం భారం బ్రేకుల మీద, ఆ పైన పైలట్ అదృష్టం మీద. ఒకసారి నా కళ్లెదురుగానే తెరుచుకోలేదు. బండి రన్‌వే చివర్లో ఆగింది, టైర్ల నుంచి పొగ, పైలట్ దిగి మా వైపు చూసి ఏమీ అనకుండా హెల్మెట్ చంకలో పెట్టుకుని నడిచి వెళ్లిపోయాడు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు, చ్యూట్ మడిచింది నేను కాదు, అయినా తినలేదు.

ఇక అసలు విషయం. మిగ్-21కి ఉన్న పెద్ద లోటు వయసు కాదు, ముక్కు. ఇంజిన్‌కి గాలి ముక్కులోంచే పోతుంది, ఆ గాలి దారి మధ్యలో ఉన్న కోన్‌లోనే రాడార్ పెట్టాలి. అంత చిన్న జాగాలో ఎంత పెద్ద రాడార్ పడుతుంది చెప్పండి? అందుకే బైసన్ అని అప్‌గ్రేడ్ చేసి కోపియో రాడార్, హెల్మెట్‌తో గురిపెట్టే ఆర్-73, దూరం కొట్టే ఆర్-77 క్షిపణులు పెట్టినా చూపు మాత్రం పెద్ద విమానాలంత దూరం పోదు. అప్‌గ్రేడ్ చేయొచ్చు తమ్మీ, కానీ మూలంలో జాగా లేనిచోట జాగా పుట్టించలేం. మీ మామ ట్రాక్టర్‌కి కొత్త కేజ్‌వీల్స్ పడ్డాయి, అదే ట్రాక్టర్‌కి వరికోత మిషన్ తగిలించమను, చూద్దాం.

అలాగని పనికిరాదనీ అనను. 2004లో గ్వాలియర్‌లో కోప్ ఇండియా విన్యాసాలు జరిగాయి, అమెరికా ఎఫ్-15సీలు వచ్చాయి, మనవైపు సుఖోయ్, మిరాజ్‌లతో పాటు బైసన్‌లు కూడా దిగాయి. బైసన్ చిన్నది, ఎదురుగా వచ్చేటప్పుడు దాన్ని పట్టుకోవడం కష్టం, పైగా హెల్మెట్ గురి ఉంది. వచ్చినవాళ్లు ఆశ్చర్యపోయారు, వాళ్ల పత్రికల్లోనే రాసుకున్నారు. నిజాయితీగా చెప్పాలంటే షరతులు కూడా మనకి కలిసొచ్చాయి, వాళ్ల నాలుగు విమానాల మీదికి మనవి ఎక్కువ వెళ్లేవి. అయినా పాత బండి, మంచి ఆయుధం, తెలివైన పైలట్, మందలో పని, ఇవన్నీ కుదిరితే ఏం జరుగుతుందో అందరికీ తెలిసింది. అదే బండి 2019 ఫిబ్రవరి 27న నౌషెరా దగ్గర అభినందన్ నడిపింది. అక్కడ మన విమానం పోయింది, ఆయన పట్టుబడ్డాడు, పాకిస్తాన్ ఎఫ్-16ని కూల్చామని మనం, లేదని వాళ్లు. అది పక్కన పెడితే, శత్రువు జామ్ చేయలేని డేటా లింక్ (కిందివాళ్లతో సమాచారం ఇచ్చిపుచ్చుకునే రేడియో) ఆ విమానంలో లేదనీ, వెనక్కి రమ్మన్న మాట ఆయనకి వినపడలేదనీ అప్పట్లో గట్టిగానే రాశారు. నన్నడిగితే పాత విమానం మొదట దెబ్బతినేది అక్కడే. రెక్క బాగానే ఉంటుంది, ఇంజిన్ బాగానే ఉంటుంది, చెవులుండవు.

పానగల్ పోరడు (నల్గొండ):

సార్, చ్యూట్ సంగతి చదువుతుంటే ఒళ్లు జలదరించింది. ఒక డౌట్. కళ్లూ చెవులూ వేరే విమానం ఇస్తే? అంటే పైన పెద్ద రాడార్ విమానం తిరుగుతూ చూసి చెప్తే, పాతది మిస్సైల్ మోసుకుని పోయి వదిలితే చాలు కదా?

దేవరకొండ నుంచి మాదాపూర్ దాకా:

తమ్ముడూ, నువ్వు అడిగింది ఉక్రెయిన్‌లో జరిగింది, కాస్త తేడాతో. మూడేళ్లుగా ఆ యుద్ధం ఫాలో అవుతున్నా, ఆఫీసులో మేనేజర్‌కి కూడా తెలిసిపోయింది, కాబట్టి కొంచెం పొడుగు రాస్తాను, ఓపిక పట్టండి.

ఉక్రెయిన్ దగ్గర ఉన్నవి సోవియట్ కాలపు మిగ్-29లు, సుఖోయ్-24లు, సుఖోయ్-25లు. రష్యా సుఖోయ్-35తో ఎదురెదురు నిలబడితే వీటి రాడార్, క్షిపణి రెండూ చాలవు, అది వాళ్లకీ తెలుసు. అందుకని ఆ పనే పెట్టుకోలేదు. 2022లో మిగ్-29 రెక్క కింద అమెరికా హార్మ్ క్షిపణి తగిలించారు, శత్రువు రాడార్ వేసే తరంగాన్నే పట్టుకుని దాని మీద పడే క్షిపణి అది. సోవియట్ విమానానికీ అమెరికా ఆయుధానికీ భాష కలవదు కదా, కాక్‌పిట్‌లో ఒక టాబ్లెట్ పెట్టుకుని పని నడిపించారు. మనం కారు డ్యాష్‌బోర్డ్ మీద ఫోన్ తగిలించుకుని మ్యాప్ చూసుకున్నట్టే అనుకోండి. 2023లో సుఖోయ్-24ల కింద బ్రిటన్, ఫ్రాన్స్ ఇచ్చిన స్టార్మ్ షాడో, స్కాల్ప్ క్షిపణులు పెట్టారు. సుఖోయ్-24 మొదట ఎగిరింది 1967లో. ఆ ముసలి విమానాలు మోసుకుపోయే క్షిపణులతోనే 2023 సెప్టెంబర్ 22న సెవాస్తోపోల్‌లో నల్లసముద్రపు నౌకాదళం ప్రధాన కార్యాలయాన్ని కొట్టారు.

అక్కడ విమానం గొప్ప ఏమీ లేదు, గొప్పంతా క్షిపణిది. విమానం పని నేలకి ఆనుకుని ఎగిరి, రాడార్ కంట పడకుండా పోయి, వదిలేసి తిరిగి రావడం. ఆ లెక్కన పాతదైనా సరిపోతుంది. అయితే ఒక సంగతి మర్చిపోవద్దు, ఆ సుఖోయ్-24లు వాళ్ల దగ్గర వేళ్ల మీద లెక్కపెట్టేన్ని, ఒక్కటి పోయినా కొత్తది దొరకదు, ఎవరూ తయారు చేయడం లేదు. అందుకే ఒకచోట ఉంచరు, ఇవాళ ఇక్కడ రేపు అక్కడ అని తిప్పుతూనే ఉంటారు.

ఇంకోటి వింటే నవ్వొస్తుంది. యాక్-52 అని రెండు సీట్ల ప్రొపెల్లర్ ట్రైనర్, 70ల నాటి డిజైన్. దాని వెనక సీట్లో ఒకాయన తుపాకీ పట్టుకుని కూర్చుని, ఒడెసా వైపు రష్యా నిఘా డ్రోన్ల పక్కకి పోయి కాల్చి పడేసేవాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో చేసినట్టు. ఎందుకంటే ఆ డ్రోన్ వేగం తక్కువ, దాని మీదికి లక్షల డాలర్ల క్షిపణి వేస్తే క్షిపణులు అయిపోతాయి తప్ప డ్రోన్లు అయిపోవు. ఎఫ్-16లు 2024 ఆగస్టులో ఉక్రెయిన్‌కి చేరాయి, 1974లో మొదటిసారి ఎగిరిన డిజైన్, వాటి పని కూడా ఎక్కువగా క్రూయిజ్ క్షిపణుల్నీ షాహెద్ డ్రోన్లనీ కూల్చడమే. అమెరికావాళ్లయితే ఎఫ్-16కి లేజర్‌తో గురిపెట్టే చిన్న రాకెట్లు తగిలించి యెమెన్‌లోని హూతీల డ్రోన్లని కొట్టారు, ఖర్చు తగ్గుతుందని. కాబట్టి నీ "డ్రోన్లు ఈగల్లా మూగుతున్నప్పుడు" అన్నదానికి జవాబు తిరగబడి ఉంది, డ్రోన్లు వచ్చాకే పాత విమానాలకి మళ్లీ కొంత పని దొరికింది.

మెట్టుగడ్డ మాస్టర్ (మహబూబ్‌నగర్):

ఇవన్నీ ఒప్పుకుంటా. కానీ మీరిద్దరూ చెప్తున్నది వేరే మాట. పాత విమానం లారీగా పనికొస్తుంది అంటున్నారు, ఫైటర్‌గా పనికొస్తుంది అని ఎవరూ అనలేదు. గాల్లో గాల్లో పోరు సంగతి చూడండి. 2025 మే 7 రాత్రి భారత్, పాకిస్తాన్ విమానాలు ఎవరి సరిహద్దులో వాళ్లుండే దూరం నుంచి క్షిపణులు వేసుకున్నాయి. చైనా పీఎల్-15 క్షిపణి ముక్కలు పంజాబ్‌లో హోషియార్‌పుర్ దగ్గర పొలాల్లో దొరికాయి. మనకీ నష్టం జరిగిందని సింగపూర్‌లో సీడీఎస్‌గా (త్రివిధ దళాల అధిపతిగా) అనిల్ చౌహాన్ గారే అన్నారు. అలాంటి రాత్రి పాత రాడార్‌తో గాల్లో ఉన్నవాడి పరిస్థితి ఏంటి? వాడికి క్షిపణి వస్తున్న సంగతి తెలిసేసరికి తప్పించుకునే టైమ్ ఉండదు.

ఇంకా ప్రాణాల సంగతి. 1971-72 నుంచి 2012 ఏప్రిల్ దాకా మిగ్‌లకు 482 ప్రమాదాలు జరిగాయని, 171 మంది పైలట్లు చనిపోయారని అప్పటి రక్షణ మంత్రి ఆంటోనీ పార్లమెంటులో చెప్పారు. ఇది శత్రువు చేతిలో కాదు, శాంతి కాలంలో, మన ఊళ్ల మీద. 2025 ఒక్క ఏడాదిలోనే మార్చిలో, ఏప్రిల్‌లో, జులైలో మూడు జాగ్వార్లు పడ్డాయి. మన పక్కన చూడండి, 2018 నవంబర్లో యాదగిరిగుట్ట దగ్గర కిరణ్ ట్రైనర్ పడింది, పైలట్ పారాచూట్‌తో దిగాడు కాబట్టి సరిపోయింది. కిరణ్ 1964లో మొదట ఎగిరింది. మామ ట్రాక్టర్ ఆగిపోతే పొలం గట్టు మీద ఆగుతుంది, అంతే.

రిటైర్డ్ సార్జెంట్ (జడ్చర్ల):

మాస్టర్ గారూ, ఆ లెక్క మొత్తం విమానం నెత్తిన వేయకండి. హాక్ ట్రైనర్ మనకి 2008లో వచ్చింది. అంతకుముందు పిల్లలు కిరణ్ మీద నేర్చుకుని, అక్కడి నుంచి సరాసరి మిగ్-21 ఎక్కేవాళ్లు. టీవీఎస్ ఎక్సెల్ నడిపిన పిల్లగాడికి తెల్లారి పద్నాలుగు టైర్ల లారీ స్టీరింగ్ ఇచ్చినట్టు. ఆ ఖాళీని పూడ్చడానికి మనకి ఇరవై ఏళ్ల పైనే పట్టింది. విమానం కఠినమైనదే, దానికంటే మన నిదానం కఠినం.

జాగ్వార్ మాట వేరు. అది 1979లో వచ్చింది. ఫ్రాన్స్ 2005లో, బ్రిటన్ 2007లో పక్కన పెట్టేశాయి, ఇప్పుడు ప్రపంచంలో నడిపేది మనమే. డారిన్-3 అప్‌గ్రేడ్‌తో లోపలి సరంజామా, కొన్నిటికి కొత్త రాడార్ కూడా వచ్చాయి, అది నిజంగా బాగుంది. ఇంజిన్ మాత్రం అదే పాత అడోర్, ఎండాకాలం బరువెత్తుకుంటే ఆయాసపడుతుంది. కొత్త ఇంజిన్ పెడదామని చాలా ఏళ్లు నడిపించి చివరికి ఖర్చు చూసి వదిలేశారు. విడిభాగాలకి వేరే దేశాలు పక్కన పడేసిన జాగ్వార్లని అడిగి తెచ్చుకుంటున్నాం. పాత విమానం ఎప్పుడు ఆపాలో చెప్పేది శత్రువు కాదండీ, స్టోర్ రూమ్. నట్టు దొరకని రోజు దాని కథ అయిపోయినట్టే.

మిరాజ్ చూడండి, 1985లో వచ్చింది, 1999లో కార్గిల్‌లో టైగర్ హిల్ మీద లేజర్ బాంబులు వేసింది, 2019లో బాలాకోట్ మీదికీ అదే పోయింది. ఇరవై ఏళ్ల తేడాతో రెండు సార్లు దాన్నే నమ్ముకున్నారు. పుట్టుకలో కాస్త జాగా ఉన్న విమానం, వేళకి డబ్బు పెట్టి బాగు చేయించాం, కాబట్టి నిలబడింది. అన్ని పాతవీ ఒక్కటి కాదు.

వనపర్తి అమ్మాయి, అఫ్‌క్యాట్ రాస్తున్నా:

నాకు ఈ చర్చ సరదా కాదు, రేపు ఈ ఎయిర్‌ఫోర్స్ ఆఫీసర్ల పరీక్షలో సెలెక్ట్ అయితే నాకేం విమానం ఇస్తారో అనే టెన్షన్ కూడా ఉంది. మా అమ్మ అడిగే మొదటి ప్రశ్న కూడా అదే.

మీరందరూ పనికొస్తుందా రాదా అంటున్నారు గానీ అసలు లెక్క ఇంకోచోట ఉంది. మనకి ఉండాల్సిన స్క్వాడ్రన్లు, అంటే ఫైటర్ విమానాల దళాలు, 42, మిగ్-21లు పోయాక మిగిలినవి 29. తేజస్ మార్క్-1ఏ 83 విమానాలకి 2021లో ఒప్పందం అయింది, ఇంజిన్లు ఆలస్యం, విమానాలు ఆలస్యం. ఇంకో 97 తేజస్‌లకి 2025 సెప్టెంబర్ 25న, అంటే సరిగ్గా మిగ్‌లకి వీడ్కోలు చెప్పే ముందు రోజు సంతకం అయింది. ఇంట్లో కొత్త బోరు వేసేదాకా పాత బావి పూడ్చం కదా, అలా నడుస్తున్నాయి జాగ్వార్లు. ఇందులో గొప్పా లేదు, తప్పా లేదు, కొరత ఉంది.

ఇంకొకటి. పాత విమానంలో మనిషి కూర్చోవాల్సిన అవసరం లేదు. 2020లో కరాబాఖ్ యుద్ధంలో అజర్‌బైజాన్ పాత ఆన్-2 విమానాలని పైలట్ లేకుండా పంపింది, వాటి మీదికి ఆర్మీనియా రాడార్లు ఆన్ చేసి కాల్పులు మొదలుపెట్టగానే ఆ స్థావరాలు ఎక్కడున్నాయో తెలిసిపోయి డ్రోన్లు వాటిని కొట్టాయి. చైనా కూడా తన పాత జే-6 ఫైటర్లని డ్రోన్లుగా మార్చి చూపించింది. మన మిగ్-21లని కూడా ఇలా వాడుంటే బాగుండేది అనిపిస్తుంది. సార్జెంట్ సార్, అది సాధ్యమేనా?

రిటైర్డ్ సార్జెంట్ (జడ్చర్ల):

బిడ్డా, సాధ్యమే, అమెరికావాళ్లు పాత ఫాంటమ్ ఫైటర్లని, తర్వాత పాత ఎఫ్-16లని అలా మార్చి క్షిపణి పరీక్షలకి టార్గెట్లుగా వాడారు. కాకపోతే మనిషి లేకపోయినా ఇంజిన్‌కి గంటల లెక్క ఉంటుంది, రబ్బరు సీళ్లు ఎండిపోతాయి, ఎవడో ఒకడు ఆ చ్యూట్ మడవాలి, లేదంటే ఒక్కసారికే వదులుకోవాలి. ఒక్కసారికి పంపేదైతే అంతకంటే చవగ్గా కొత్త డ్రోన్లే దొరుకుతున్నాయి.

నీ టెన్షన్‌కి జవాబు, దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో నీకు మొదట ఇచ్చేది పిలాటస్ ట్రైనర్, అది 2013లో వచ్చింది, మంచి బండి. నువ్వు ఫైటర్ స్ట్రీమ్‌లోకి వస్తే తర్వాత హాక్ ఉంటుంది. మేం చూసిన పిల్లల్లా ఒక్క దూకులో పోనవసరం లేదు. అమ్మకి ఈ మాట చెప్పు.

పానగల్ పోరడు (నల్గొండ):

మామకి మొత్తం చదివి వినిపించా. ఉక్రెయిన్ దగ్గర "చూసినవా" అని నావైపు చూశాడు, మాస్టర్ గారి ప్రమాదాల లెక్క దగ్గర ఏమీ మాట్లాడలేదు. చ్యూట్ సంగతి మాత్రం రెండుసార్లు చదివించుకున్నాడు. ట్రాక్టర్ అమ్మడంట, అది తేలిపోయింది. సార్జెంట్ సార్‌ని ఒకటి అడగమన్నాడు, ఆ పాత చ్యూట్‌లు వేలంలో ఎక్కడైనా దొరుకుతాయా అని. కల్లంలో వడ్లు ఆరబోసుకోవడానికి బాగుంటుందంట.

రిటైర్డ్ సార్జెంట్ (జడ్చర్ల):

పనికిరాదని చెప్పు తమ్మీ. అది దుప్పటిలా ఉండదు, కూడిక గుర్తులా అడ్డం ఒక పట్టీ నిలువు ఒక పట్టీ, నాలుగు మూలలూ ఖాళీ. వడ్లన్నీ మట్టిలో పడతాయి. మంచి టార్పాలిన్ కొనుక్కోమను.